ఆగ్నెస్ తెరచాప

“నీకు పడవలు తెలుసా, గోవిందరావ్?”

చీఫ్ సుందర్ రాజు ఫైలు మీంచి తల ఎత్తకుండానే అడిగాడు. కలకత్తాలో ఆ ఆఫీసు గుమ్మానికి వేలాడే బోర్డు ఒక టీ ఎగుమతి కంపెనీది. లోపల మాత్రం తాగడానికి టీ దొరకదు.

“తెలీదు సర్. నేను సెలవు అడగడానికి వచ్చాను. షిల్లాంగ్ ఆపరేషన్ నుంచి వచ్చేసరికి టెలిగ్రాం ఉంది. మా నాన్న పోయారు.”

సుందర్ రాజు ఫైలు మూశాడు. “విన్నాను. ఐయామ్ సారీ.”

“ఎల్లుండి పెద్దకర్మ. నేను పెద్ద కొడుకుని.”

“ఎక్కడ?”

“ఖరగ్‌పూర్.”

చీఫ్ సొరుగు లాగి ఇంగ్లీషు దినపత్రిక కత్తిరింపు ఒకటి బల్ల మీద పెట్టాడు. అమ్మకానికి తెరచాప పడవ. ఇరవై ఎనిమిది అడుగుల టేకు స్లూప్, ఒంటి స్తంభం. పందేలకు తగిన వేగం, దూర ప్రయాణానికి రెండు బెర్తులు, స్టవ్. చాపలు మంచి కండిషన్‌లో ఉన్నవి. పడవను ఖరగ్‌పూర్‌లో చూడవచ్చును.

“సముద్రం లేని ఊళ్ళో సముద్రపు పడవ,” అన్నాడు చీఫ్. “అమ్మేవాడు నిజమైనవాడే. డిక్రూజ్ అని, రైల్వే వర్క్‌షాపులో రిటైరైన ఫోర్‌మన్. కొనేవాడి మీదే నా అనుమానం. లార్సెన్ అని చెప్పుకుంటున్నాడు. ఆ పేరుకీ అతని పాస్‌పోర్టుకీ సంబంధం ఉంది, అతనికీ పాస్‌పోర్టుకీ లేదు.”

“వెనక కథ?”

“ఆ దగ్గర్లోని ఎయిర్‌ఫీల్డ్ నుంచి రాడార్ క్రిస్టల్ ఒకటి పోయింది. చింతగింజంత ఉంటుంది. అది బయటికి పోతే మన తూర్పు తీరంలో రాడార్‌కి ఏ విమానం కనపడుతుందో, ఏది కనపడదో శత్రువుకి తెలిసిపోతుంది. దొంగిలించిన స్టోర్‌కీపర్ రైలు పట్టాల పక్కన శవమై దొరికాడు. క్రిస్టల్ దొరకలేదు. రోడ్లు వెతికాం, రైళ్లు వెతికాం. గాలికి పోయే పడవని ఎవరు వెతుకుతారు?”

గోవిందరావుకి అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాడు.

“ఆ ఊరి గల్లీలు తెలిసినవాడివి నువ్వొక్కడివే,” అన్నాడు చీఫ్. “పదహారేళ్లప్పుడు ఊరు వదిలావు, ఎవరూ పోల్చలేరు. బొంబాయి యాచ్ క్లబ్ మెంబరు రోనీ దస్తూర్‌గా వెళ్తావు. లార్సెన్ సెక్రటరీ స్వర్ణకుమారి మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. ఆఖరి క్షణం దాకా ఎటు మొగ్గుతుందో ఆమెకే తెలీదు. కోడ్ వర్డ్: ‘ఇక్కణ్నించి సముద్రం ఎంత దూరం?’ జవాబు: ‘ఒక సిగరెట్ అంత దూరం.’”

“మా ఇంటికి…”

“వెళ్లకూడదు. సంతాపంలో ఉన్న కొడుకుని ప్రతివాడూ పలకరిస్తాడు. దస్తూర్‌ని ఎవరూ పలకరించరు.”

కాదనవచ్చు. ఆ ఆఫీసులో తండ్రి కర్మ కోసం కాదన్నవాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరికీ ఉద్యోగాలు పోలేదు. గోవిందరావు “ఎస్ సర్” అన్నాడు. మెట్లు దిగుతుంటే గుండె బరువు తగ్గినట్టనిపించింది. ఎందుకు తగ్గిందో కిందికి చేరేలోపే తెలిసింది. గుండు చేయించుకుని, చాప మీద కూర్చుని, వచ్చిన ప్రతి చుట్టానికీ నువ్వేం ఉద్యోగం చేస్తున్నావురా, తండ్రి రోగాన పడి ఉంటే ఎక్కడున్నావురా అన్న ప్రశ్నకి జవాబు చెప్పే బాధ తప్పింది. అందుకు తగ్గింది. ఆ సంగతి తెలిశాక గుండె మళ్లీ బరువెక్కింది, ఈసారి వేరే బరువు.

*

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద దస్తూర్ దొర దిగాడు. పెంచిన మీసం, నల్ల కళ్లద్దాలు, తెల్ల కాన్వాస్ బూట్లు, బ్రిల్‌క్రీమ్ రాసి వెనక్కి దువ్విన నిగనిగలాడే జుట్టు. జేబులో ఉన్న ఫౌంటెన్ పెన్ క్లిప్పు నొక్కితే సిరాకి బదులు పొగ వస్తుంది. భుజానికి వేలాడే ట్రాన్సిస్టర్ రేడియోకి పాటలు రావు. ఒక మీట తిప్పితే పోలీస్ వైర్‌లెస్ వ్యాన్‌కి సంకేతం వెళుతుంది.

పెట్టె అందుకున్న కూలీ వెనకే నడుస్తూ, ఉండబట్టలేక హిందీలో అడిగాడు.

“సాబ్, మీరు ముందెప్పుడైనా ఇక్కడికి వచ్చారా?”

“నెవర్.”

కూలీ తనలో తాను తెలుగులో గొణుక్కున్నాడు. “ఈ నడక ఎక్కడో సూసినాను. తాల్‌బగీచాలో ఎవులిదో నడక ఇది. సచ్చేలోగా గుర్తొస్తే బాగుణ్ను.”

తాల్‌బగీచా గోవిందరావు పెరిగిన తెలుగు పేట. దస్తూర్ దొర నడక మార్చాడు.

ఆ రోజు విశ్వకర్మ పూజ. వర్క్‌షాపు సైరన్ మోగలేదు. లేతు మిషన్లకీ సుత్తులకీ కుంకుమ పెట్టి, పూలు వేసి, ఊరంతా పిల్లల్ని వెంటేసుకుని వర్క్‌షాపు చూడటానికి పోతోంది. ఆ ఒక్కరోజు ఖరగ్‌పూర్‌లో ఎవడూ పనిముట్టు పట్టడు. చూసేవాళ్లందరూ పండగలో ఉండే రోజునే లార్సెన్ ఎంచుకున్నాడు. పడవని ఎత్తడానికి చైన్ పుల్లీలూ ఇద్దరు మనుషులూ కలకత్తా నుంచి అతని జీపులోనే వచ్చారు.

డిక్రూజ్ బంగళా వెనక రేకుల షెడ్డులో ఆగ్నెస్ నిలబడి ఉంది. ఆగ్నెస్ ఆ పడవ పేరు. సన్నని పొడవాటి ఒళ్లు, అడుగున సీసం పోసిన రెక్క, పక్కనే పడుకోబెట్టిన స్తంభం. నీళ్లు లేని చోట చెక్క దిమ్మెల మీద నిలబడ్డా, ఎటో వెళ్లిపోతున్నట్టే ఉంది.

“కలకత్తా పందెంలో రెండుసార్లు కప్పు కొట్టింది,” అన్నాడు డిక్రూజ్. ముసలాయన కళ్లకి శుక్లాలు. పడవని చూపుతో కాక అరచేత్తో చూపిస్తున్నాడు. “నేనూ, మా ఆవిడా ఇందులో పూరీ దాకా వెళ్లాం. ఇక్కడ బంగాళాదుంపలు ఉడికించేది. ఇదుగో, ఇది ఆమె బెర్తు.” దాని అంచు తడిమాడు. “ఒక బెర్తే ఉన్న పడవైతే అమ్మేవాణ్ని కాదు, మిస్టర్ దస్తూర్. నేను పెర్త్ వెళ్లిపోతున్నాను, కూతురి దగ్గరికి. లార్సెన్‌కి మాట ఇచ్చేశాను. అతను వెనక్కి తగ్గితే మీదే.”

షెడ్డు మూలనుంచి లార్సెన్ నవ్వాడు. ఎర్రటి మెడ, లేత రంగు కళ్లు. “నేను వెనక్కి తగ్గను.”

అతని పక్కన స్వర్ణకుమారి సిగరెట్ వెలిగించింది. నీలం షిఫాన్ చీర, చేతిలో ముత్యాల వానిటీ బ్యాగు. ఆ బ్యాగు బరువు చూస్తే అందులో ఉన్నది పౌడరు డబ్బా ఒక్కటే కాదని తెలుస్తుంది.

“ఇక్కణ్నించి సముద్రం ఎంత దూరం, మేడమ్?”

ఆమె పొగ వదిలింది. “ఒక సిగరెట్ అంత దూరం.”

బల్ల మీద పెద్ద తెరచాప పరిచి ఉంది. గోవిందరావు దాని దగ్గరికి వెళ్లబోతుండగా గుమ్మం బయట గొంతు వినిపించింది.

“దొరా. నూకయ్య ఇంటోళ్లం.”

నూకయ్య గోవిందరావు తండ్రి పేరు. ఎండలో తల్లి దాలమ్మ నిలబడి ఉంది. పక్కన తమ్ముడు తీతు, ఉదయమే చేయించిన గుండు మీద తడి గుడ్డ. దాలమ్మ సన్నబడింది. చేతులకు గాజులు లేవు. ఆ చేతుల్ని అలా చూడటం అతనికి అదే మొదలు.

“రాకూడదు దొరా, మైల ఇంటోళ్లం. లోపలికి రాం,” అంది దాలమ్మ. “ఆయన మీ సూదులూ, దబ్బనాలూ, తోలు పట్టీ తెచ్చుకున్నాడు గదా సాప కుట్టడానికి. పరాయోళ్ల పనిముట్టు ఇంట్లో ఉండగా కర్మ సెయ్యకూడదు. తీతుని ఒక్కడ్నీ పంపుదునా అనుకున్నాను. కాళ్లు నిలవలేదు.”

డిక్రూజ్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. “ఆ చాప నూకయ్య చివరి పని,” అని ఇంగ్లీషులో దస్తూర్‌కి చెప్పాడు. “క్యారేజ్ షాపులో నా కిందే సీట్లు కుట్టేవాడు. గొప్ప చెయ్యి. ఒకటే గొడవ మా ఇద్దరికీ. ప్రతి కుట్టు చివరా రెండు వేళ్ల దారం తోక వదిలేవాడు. కొయ్యమంటే కొయ్యడు. నున్నగా కోసిన ముడే కుదుపులకి ముందు ఊడుతుందనేవాడు.”

మైలవాళ్లు చేతికి చెయ్యి ఇవ్వరు. తీతు సంచిని గుమ్మం లోపల నేల మీద పెట్టి వెనక్కి తగ్గాడు. గోవిందరావు తల్లికి కనపడకుండా పడవ చాటుకి జరగబోయాడు. కాలు సంచికి తగిలింది. లోపల ఇనుము గలగలమంది.

ఆలోచన కన్నా ముందు ఒళ్లు కదిలింది. అతను వంగాడు, సంచిని రెండు వేళ్లతో తాకాడు, ఆ వేళ్లని కళ్లకద్దుకున్నాడు.

ట్రైనింగ్‌లో అతనికి నడక నేర్పారు, యాస నేర్పారు, ఫోర్క్ ఎలా పట్టుకోవాలో నేర్పారు. చిన్నప్పుడు తండ్రి వీపు మీద చరిచి నేర్పిన ఈ ఒక్కటి మాన్పించడం ఎవరికీ తట్టలేదు.

“ఆసక్తికరం,” అన్నాడు లార్సెన్. “బొంబాయి యాచ్ క్లబ్‌లో ఇది కూడా నేర్పుతారా?” అతని చెయ్యి కోటు లోపలికి వెళ్లింది. “స్వర్ణా, ఆ ముసలిదాన్ని అడుగు. ఇతన్ని ఎప్పుడైనా చూసిందా? ఈ ఊరివాడా?”

స్వర్ణకుమారి గుమ్మం దాకా వెళ్లింది. “అమ్మా, ఈయన్ని ఎరుగుదువా? మీ ఊరి మనిషా?”

దాలమ్మ అతన్ని చూసింది. తెల్ల బూట్ల దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా పైకి. కళ్లద్దాల దగ్గర ఆగలేదు. జుట్టు దగ్గర ఆగింది.

“నానెరగను తల్లీ,” అంది. “ఈ ఊరోడైతే, మా ఇంటి మనిషైతే, నెత్తి మీద అంత సక్కటి జుట్టుంటాదా? మా తీతు నెత్తి సూడు. తండ్రి పోయినోడు అలగుంటాడు.”

ఆమె గొంతులో కోపం లేదు. కూరగాయల బేరంలో మాట్లాడినట్టు మాట్లాడింది. స్వర్ణకుమారి ఆ జుట్టు వంక ఒక్క క్షణం చూసి, వెనక్కి తిరిగి ఇంగ్లీషులో చెప్పింది.

“తెలీదంటోంది.”

లార్సెన్ చెయ్యి కోటు లోపలి నుంచి ఖాళీగా బయటికొచ్చింది.

గోవిందరావు తల ఎత్తలేకపోయాడు. ఎక్కడో ఒక చోట చూడాలి కనుక బల్ల మీది చాపని చూశాడు. చాప నిండా తండ్రి చేతి కుట్లే. చిన్నప్పుడు క్యాన్వాస్ అంచు పట్టుకుని ఎదురుగా కూర్చున్నప్పుడు చూసిన కుట్లే, ప్రతి దాని చివరా అదే దారం తోక. కింది మూలలు రెండింటిలోనూ తోకలు. పైమూలలో, గుడ్డ నాలుగు పొరలుగా మడిచి కుట్టిన చోట, తోక లేదు. ముడి నున్నగా, అందంగా కోసి ఉంది.

ఆ మూల అతని తండ్రి కుట్టలేదు. ఎవరో విప్పి మళ్లీ కుట్టారు.

తల ఎత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. లార్సెన్ మాత్రం అతని చూపు ఎక్కడ ఆగిందో కనిపెట్టాడు.

“పడవ రేపు వేగన్‌లో వస్తుంది,” అన్నాడు డిక్రూజ్‌తో, చాపని గబగబా సంచిలోకి కుక్కిస్తూ. “చాప ఇప్పుడే తీసుకెళ్తాను, కొలతలు చూసుకోవాలి. మిస్టర్ దస్తూర్‌కి మా వాడు తోడుంటాడు. పడవ బాగా చూడనివ్వండి, తొందరేం లేదు.”

జీపు గేటు దాటింది. తోడున్నవాడి తువ్వాలు కింద పిస్తోలు గొట్టం గోవిందరావు పక్కటెముకల్ని చూస్తోంది. దస్తూర్ దొర మర్యాదగా ఫౌంటెన్ పెన్ తీశాడు. “మీ పేరు చెప్తే క్లబ్‌కి సిఫార్సు రాస్తాను,” అని క్లిప్పు నొక్కాడు. షెడ్డు పొగతో నిండింది. పొగలోంచి ఒక దెబ్బ, ఒక మూలుగు, కిందపడ్డ పిస్తోలు చప్పుడు.

“మిస్టర్ దస్తూర్, స్టవ్ ఎవరు వెలిగించారు?” డిక్రూజ్ దగ్గుతూ అడిగాడు.

గోవిందరావు ట్రాన్సిస్టర్ మీట తిప్పి, వరండాలో ఉన్న ముసలాయన సైకిల్ ఎక్కాడు.

కలకత్తా రోడ్డు ఎక్కాలంటే లెవెల్ క్రాసింగ్ దాటాలి. గేటు పడి ఉంది. బొగ్గు గూడ్సు ఒకటి తీరిగ్గా పోతోంది. పండగ జనం, రిక్షాలు, మధ్యలో జీపు. తెల్ల బూట్ల దొర చెమటలు కక్కుతూ సైకిల్ మీద దూసుకురావడం చూసి రిక్షావాడొకడు నవ్వాడు.

“మెల్లగా బావూ. గేటు పడితే జనరల్ మేనేజరైనా ఆగాల. సైకిలెంత?”

గోవిందరావు జీపు వెనక సీటు అంచు పట్టుకున్నాడు. చాప సంచి అక్కడే ఉంది. ఆ సీట్లోనే ఉన్న లార్సెన్ వెనక్కి తిరిగాడు. ఈసారి కోటు లోపలి నుంచి చెయ్యి ఖాళీగా రాలేదు.

“జుట్టు చెదిరింది, మిస్టర్ దస్తూర్.”

గూడ్సు చివరి వేగన్లు వస్తున్నాయి. గేట్‌మన్ చక్రం మీద చెయ్యి వేశాడు. గేటు లేచిందంటే జీపు కలకత్తా రోడ్డు మీద ఉంటుంది, చీకటి పడేలోపు క్రిస్టల్ మరో చేతిలో ఉంటుంది. లార్సెన్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చున్న స్వర్ణకుమారి నింపాదిగా చెయ్యి చాచింది. జీపు తాళం చెవి లాగి, గేటు మీదుగా విసిరింది. అది పోతున్న బొగ్గు వేగన్‌లో పడింది. చిన్న చప్పుడు కూడా రాలేదు.

“స్వర్ణా,” అన్నాడు లార్సెన్, నమ్మలేనట్టు. పిస్తోలు ఆమె వైపు తిరిగింది.

ఆ ఒక్క క్షణం చాలింది. గోవిందరావు సంచి తెరిచి చాప మొత్తం అతని నెత్తిన కప్పి బిగించాడు. చాప బయట మిగిలిన చేతిలో పిస్తోలు ఒకసారి పేలింది. గుండు జీపు టైరులో దిగింది. నూకయ్య కుట్టిన గుడ్డ ఎక్కడా చిరగలేదు. లోపల కొట్టుకుంటున్న లార్సెన్‌నీ, పారిపోబోయిన డ్రైవర్‌నీ వైర్‌లెస్ వ్యాన్‌లో వచ్చిన పోలీసులు మూట కట్టినట్టు ఎత్తుకుపోయారు. గేటు లేచింది.

గోవిందరావు పెన్‌నైఫ్‌తో ఆ నున్నటి ముడి కోశాడు. నాలుగో పొర కింది నుంచి చింతగింజంత క్రిస్టల్ అరచేతిలో పడింది.

“ఎందుకు?” అని అడిగాడు స్వర్ణకుమారిని.

ఆమె ఇంకో సిగరెట్ తీసింది, వెలిగించలేదు. “గుమ్మంలో ఆవిడ చెప్పినదాంట్లో సగమే నేను వాడికి చెప్పాను. మిగతా సగం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.” అతని వైపు చూడకుండా అంది. “మీకు తెలిసే ఉంటుంది.”

*

సాయంత్రం పోలీస్ లైన్స్ నుంచి కలకత్తాకి ట్రంక్ కాల్.

“బ్రిలియంట్,” అన్నాడు సుందర్ రాజు. “వాళ్ల కలకత్తా మనుషులు ఇంకా బయటే ఉన్నారు. అందరూ దొరికేదాకా నువ్వు దస్తూర్‌వే. లార్సెన్‌ది దొంగతనం కేసు, నువ్వు సాక్షివి. డిక్రూజ్‌కి అంతే తెలియాలి.”

“సర్, రేపు మా నాన్న కర్మ.”

“దస్తూర్ వాళ్ల నాన్న బొంబాయిలో బ్రిడ్జ్ ఆడుకుంటున్నాడు, గోవిందరావ్.” గొంతు తగ్గించాడు. “తర్వాత వెళ్దువుగాని.”

“ఎస్ సర్.”

తర్వాత అనేది ఉండదని ఇద్దరికీ తెలుసు. కర్మ ఒక్క రోజే.

మర్నాడు మధ్యాహ్నం డిక్రూజ్ నల్ల టై కట్టుకుని గెస్ట్ హౌస్‌కి వచ్చాడు. “నూకయ్య ఇంట్లో భోజనానికి పిలిచారు. నాకు కళ్లు సరిగ్గా ఆనవు, తోడు రండి. అతని చాప మీరే కాపాడారు కదా. వాళ్లకి సంతోషంగా ఉంటుంది.”

కాదనాలి. రూల్ ప్రకారం కాదనాలి. గోవిందరావు చెప్పులు వేసుకున్నాడు.

తాల్‌బగీచాలో ఆ ఇంటి ముందు పందిరి వేశారు. అతనికి తెలిసిన ముఖాలన్నీ చాపల మీద వరసగా కూర్చుని ఉన్నాయి. తలుపు పక్కన దాలమ్మ గోడకి ఆనుకుని ఉంది. ఆమె లేవలేదు.

“తీతూ, దొరలొచ్చినారు. పొరుగింటోళ్లనడిగి కుర్సీలు తే.”

కుర్చీలు వచ్చాయి. ముందొక బెంచీ, బెంచీ మీద ఆకులు. వరసకి దూరంగా, పందిరి అంచున. తండ్రి కర్మకి పెద్దకొడుకు కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. రోగాన పడి ఉంటే ఎక్కడున్నావురా అని ఎవరైనా అడిగితే బాగుండుననిపించింది.

తీతు వడ్డిస్తూ వచ్చాడు. అన్న కళ్లల్లోకి చూడలేదు.

“చెంచా కావాలా సార్?”

“వద్దు.”

“ఉప్పు సరిపోయిందా సార్?”

“సరిపోయింది.”

ఆకులో ఏమీ మిగల్చకుండా తిన్నాడు. పప్పు కలిపి, అంచుల్లో చెదిరిన మెతుకులు వేళ్లతో దగ్గరికి లాగి, ముద్ద చేసి. వరసలో కూర్చున్న పిన్ని అప్పలనర్సమ్మ చాలాసేపటి నుంచి అతన్నే చూస్తోంది.

“ఓలప్పా, బొంబాయి బావు సూడు, మన నాగే కలుపుకుని తింతన్నాడు,” అంది దాలమ్మతో. “ఎవులు నేర్పినారో.”

దాలమ్మ అతని వైపు చూడలేదు. మజ్జిగ గిన్నె తీతు వైపు జరిపింది.

“ఆళ్లకీ ఒక అమ్మ ఉంటాది గదేటి,” అంది. “ఆ బావుకి మజ్జిగెయ్యి.”